దుబాయి చూసి వచ్చాను

అపొస్తలుడైన పౌలు ఏథెన్సు పట్టణానికి పని పెట్టుకుని వెళ్లలేదు. బెరయలో అల్లరి చెలరేగితే సహోదరులు ఆయనను అక్కడిదాకా తీసుకువెళ్లి దించి వచ్చారు. సీల, తిమోతి వచ్చి కలుసుకునేవరకు ఎదురుచూడడం తప్ప ఆయనకు వేరే పని లేదు. కొత్త ఊళ్లో నాలుగు రోజులు ఖాళీ దొరికిన మనిషి ఏం చేస్తాడు? ఊరు చూస్తాడు. పౌలూ అదే చేశాడు. వీధులు తిరిగాడు, గుళ్లు చూశాడు, బలిపీఠాల మీద రాసి ఉన్నవి ఆగి చదివాడు (అపొ.కా. 17:16-23).

ఇక్కడ చిన్న సంగతి ఒకటి ఉంది. 16వ వచనంలో లూకా వాడిన గ్రీకు మాట చూడడం. 23వ వచనంలో పౌలు తన గురించి తాను చెప్పుకునేటప్పుడు ఆ మాటకు ముందు 'అన' అనే ఉపసర్గ చేరింది. అంటే మళ్లీ మళ్లీ, నిదానంగా, పరిశీలనగా చూడడం. సెమినరీలో ఉండగా ఈ తేడాను నోట్సులో రాసుకున్నాను. పరీక్షలో దానికి మార్కులు కూడా పడ్డాయి. దాని అర్థం మాత్రం చాలా ఏళ్ల తర్వాత దుబాయిలో తెలిసింది.

2019 జనవరిలో అక్కడి తెలుగు సహవాసం వారు మూడు రాత్రులు వాక్యం చెప్పమని పిలిచారు. సభలు రాత్రిపూట. పగలంతా ఖాళీయే. నాకు అది మొదటి విదేశీ ప్రయాణం. హైదరాబాదులో విమానం ఎక్కితే నాలుగు గంటల్లో దుబాయి. మా పాలమూరు కూలీలు బస్సెక్కి ముంబయి చేరడానికి ఒక రాత్రీ, ఆపైన కొంత పగలూ పడుతుంది. ఆ లెక్కన ముంబయి కన్నా దుబాయే దగ్గర అనుకుని నవ్వుకున్నాను.

నాకు ఆతిథ్యమిచ్చిన సోదరుడు మిర్యాలగూడ వైపువాడు. ఒక కంపెనీలో అకౌంటెంటు. "అయ్యగారూ, అన్నీ చూపిస్తాను" అని ముందే సెలవు పెట్టుకున్నాడు. మొదటిరోజు పాత దుబాయికి తీసుకువెళ్లాడు. ఊరి మధ్యలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయను క్రీక్ అంటారు. దాన్ని దాటడానికి 'అబ్రా' అనే చెక్క పడవ ఎక్కాం. మనిషికి ఒక దిర్హాము. అంతటి సంపన్న నగరంలో ఒక్క దిర్హాముకు ఇంత హాయి దొరుకుతుందని అనుకోలేదు. అవతలి ఒడ్డున దేరా, బంగారం బజారు. ఇవతల బర్ దుబాయి. అక్కడ మీనా బజారులో తెలుగు, తమిళం, మలయాళం, సింధీ అన్నీ వినిపిస్తాయి. 1966 వరకు ఇక్కడ మన రూపాయే చెల్లేదట. మన రిజర్వు బ్యాంకు 1959లో గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది. దిర్హాము వచ్చింది 1973లో.

బర్ దుబాయిలోనే అల్ ఫహీదీ కోట ఉంది. 1787 నాటిది. మేము వెళ్లినప్పుడు అందులో మ్యూజియం నడుస్తోంది. చమురు దొరకకముందు ఈ ఊరు దేనితో బతికిందో అక్కడ చూపించారు. ముత్యాలతో బతికింది. ఎండాకాలం మొత్తం పడవల మీద సముద్రంలోనే ఉండేవారు. దిగేవాడు ముక్కుకు ఎముకతో చేసిన క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగబట్టి అడుగుకు వెళ్లేవాడు. పైన మరొకడు తాడు పట్టుకుని కూర్చునేవాడు. కింది నుంచి తాడు కదిలితే పైకి లాగాలి. రోజుకు ఎన్నోసార్లు ఇలా దిగాలి. చెవులు పోయినవారు, ఊపిరితిత్తులు చెడినవారు, అసలు పైకే రానివారు ఎందరో. సీజను మొదలుకాకముందే నావ యజమాని వారికి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు తినడానికి. సీజను ముగిశాక లెక్క చూస్తే అప్పు తీరేది కాదు. మరుసటి ఏడాది మళ్లీ దిగాలి. తండ్రి అప్పు కొడుకు నెత్తిన పడిన సందర్భాలూ ఉన్నాయి. జపాను వాళ్లు ముత్యాలను పెంచడం మొదలుపెట్టాక 1930లలో ఈ వ్యాపారం కుప్పకూలింది.

నేను ఆ బొమ్మల ముందు చాలాసేపు నిలబడిపోయాను. మా సోదరుడు అలసిపోయాననుకుని నీళ్ల సీసా ఇచ్చాడు. నాకు గుర్తొచ్చింది మా ఊరి గుంపు మేస్త్రీ. పండుగ ముందు ఇంటింటికీ వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరినీ లెక్క గట్టుకుని, లారీ ఎక్కించి, ఎక్కడ డ్యాం కడుతుంటే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వుతుంటే అక్కడికి తీసుకుపోతాడు. 'పాలమూరు లేబర్' అన్న పేరు దేశమంతా తెలిసింది అలాగే. సముద్రం తెలియని మా మెట్టప్రాంతంలోనూ అదే కాలికి కట్టిన రాయి, అదే తాడు.

ఆ ముత్యాలలో మంచివాటిని మనవాళ్లు బస్రా ముత్యాలు అన్నారు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం ఆభరణాల్లో 'సత్లడా' అనే ఏడుపేటల ముత్యాల హారం ఉంది. ఆ ముత్యాల్లో ఒక్కొక్కటీ ఎవరో ఒకడు ఊపిరి బిగబట్టి తెచ్చిందే.

మత్తయి 13వ అధ్యాయంలో మన ప్రభువు చెప్పిన అమూల్యమైన ముత్యం ఉపమానాన్ని ఇరవై అయిదేళ్లలో ఎన్నిసార్లు ప్రసంగించి ఉంటానో లెక్కలేదు. వర్తకుడి గురించి చెప్పాను. అతడు తనకున్నదంతా అమ్మేయడం గురించి చెప్పాను. ముత్యమంటే రాజ్యమా, క్రీస్తా, సంఘమా అని వ్యాఖ్యాతల మధ్య ఉన్న తేడాలూ చెప్పాను. దాన్ని సముద్రపు అడుగు నుంచి తెచ్చినవాడు ఒకడుంటాడని మాత్రం ఒక్కసారీ తోచలేదు. ఉపమానం అతని గురించి కాదు, నిజమే. అయినా తోచకపోవడం నన్ను బాధపెట్టింది.

రెండవ రోజు బుర్జ్ ఖలీఫా. 2010 జనవరి 4న ప్రారంభించారు. ఎత్తు 828 మీటర్లు. అంకె చెబితే అర్థం కాదు కనుక మనవాళ్లకు నేను ఇలా చెబుతుంటాను. మన నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు పునాది నుంచి 124 మీటర్లు. అలాంటివి ఆరు, ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా ఇంకా 80 మీటర్లకు పైగా మిగులుతుంది. సందర్శకులను 124వ అంతస్తుకు తీసుకువెళ్తారు. లిఫ్టు ఎక్కడం, చెవులు మూసుకుపోవడం, తలుపు తెరుచుకోవడం అంతా ఒక నిమిషంలో అయిపోయింది. కింద రోడ్లు దారపు పోగుల్లా ఉన్నాయి. నాకు మోకాళ్లు వణికాయి. అద్దం దగ్గరికి వెళ్లడానికి అయిదు నిమిషాలు పట్టింది. పక్కనే ఒక చిన్నపిల్ల అద్దానికి ముక్కు ఆనించి నవ్వుతోంది.

అక్కడ నిలబడి బాబెలు గోపురం గుర్తు చేసుకోని పాస్టరు ఉండడు. నేనూ గుర్తు చేసుకున్నాను. కానీ ఎత్తయిన మేడ కనబడగానే బాబెలు అనేయడం మనకు మరీ సులువైపోయింది. నా మనసు మార్కు 13వ అధ్యాయానికి వెళ్లింది. దేవాలయంలోంచి బయటికి వస్తూ ఒక శిష్యుడు ఆ రాళ్లను, ఆ కట్టడాలను చూసి ఎంత గొప్పవో అని ప్రభువుకు చూపించాడు. పల్లెటూరి గలిలయ మనిషి పట్నం చూసి నోరు తెరవడం అది. ప్రభువు అతణ్ణి ఎగతాళి చేయలేదు, మెచ్చుకోనూ లేదు. ఇవి నిలవవని మాత్రం చెప్పాడు. దానికి కొంచెం ముందే, 12వ అధ్యాయం చివర, ఆయన కానుకపెట్టె ఎదుట కూర్చుని ఒక బీద విధవరాలి రెండు కాసులను చూస్తూ ఉన్నాడు. శిష్యుడు చూసింది రాళ్లను. ఆయన చూసింది మనుషులను.

ఆ మేడ కడుతున్నప్పుడు పని ముమ్మరంగా సాగిన రోజుల్లో 12,000 మంది దాకా కూలీలు ఉండేవారట. సొలొమోను మందిరం లెక్కలు బైబిలులోనే ఉన్నాయి. వెట్టికి పెట్టినవారు 30,000, బరువులు మోసేవారు 70,000, కొండల్లో రాళ్లు కొట్టేవారు 80,000, వారిపైన అధికారులు 3,300 (1 రాజులు 5:13-16). మనం మందిర ప్రతిష్ఠ ప్రార్థనను చదువుతాం, ఈ అంకెలను దాటేస్తాం. ఇశ్రాయేలు ప్రజలు దాటేయలేదు. సొలొమోను చనిపోగానే వచ్చి అడిగిన మొదటి సంగతి కాడి బరువు తగ్గించమనే. తగ్గించలేదు కనుకనే రాజ్యం రెండు ముక్కలయింది. వెట్టిపని మీద అధికారిని రాళ్లతో కొట్టి చంపారు (1 రాజులు 12).

నెహెమ్యా వేరే దారి పట్టాడు. ఆయన గ్రంథం 3వ అధ్యాయం మొత్తం యెరూషలేము ప్రాకారాన్ని ఎవరెవరు ఎంతమేర కట్టారో ఆ పేర్ల జాబితా. కంసాలులు కట్టారు. పరిమళద్రవ్యాలు చేసేవారు కట్టారు. షల్లూము తన కుమార్తెలతో కలిసి కట్టాడు. తెకోవీయులు కట్టారు గాని వారి పెద్దలు మాత్రం మెడ వంచలేదని అదీ రాశాడు. పౌలు తిరిగిన ఏథెన్సులో కూడా ఎరెక్తియోను అనే గుడి కట్టిన లెక్కలను రాతి పలకల మీద చెక్కించారు. పనివాళ్ల పేర్లు, రోజు కూలి ఒక ద్రాక్మా. స్వతంత్రుడికీ దాసుడికీ అదే. బైబిలు తరగతిలో నెహెమ్యా 3 వచ్చినప్పుడల్లా పేర్లు పలకలేక, "ఇవి మీరు ఇంటి దగ్గర చదువుకోండి" అని 4కు వెళ్లిపోయేవాణ్ణి. పరిశుద్ధాత్మ దేవుడు రాయించిన పేర్లవి.

సాగర్ కూడా గుర్తొచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. ఆ రెండు తేదీలూ బడిలో మాకు కంఠతా పట్టించారు. ఆ రాళ్లు మోసినవారి పేరు ఒక్కటీ చెప్పలేదు. ఆనకట్ట నల్లగొండ జిల్లా గడ్డ మీదే ఉన్నా మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెలు దశాబ్దాల పాటు ఫ్లోరైడు నీళ్లే తాగాయి. వంకరపోయిన ఆ కాళ్లను చూసినవాళ్లం మేము.

మూడవ రోజు శుక్రవారం. అప్పట్లో ఆ దేశంలో వారాంతపు సెలవు అదే కనుక మనవాళ్ల ఆరాధన కూడా శుక్రవారమే జరిగేది. 2022 జనవరి నుంచి సెలవు శని, ఆదివారాలకు మారింది. ఊద్ మేథాలో హోలీ ట్రినిటీ ప్రాంగణం, పక్కనే 1967లో మొదలైన సెయింట్ మేరీస్ కథోలిక దేవాలయం. ఒక హాలులో మలయాళం, ఇంకో హాలులో తమిళం, మరోచోట ఫిలిప్పీన్సు వారి పాటలు. ఒకరి ఆరాధన కాగానే ఇంకొకరు గుమ్మం దగ్గర వరుస కడతారు. తెలుగు పాట విని కళ్లు చెమర్చాయి. ఆరాధనలో ముందు వరుసల్లో ఆఫీసు ఉద్యోగులు, వెనక వరుసల్లో పనివాళ్లు. ఇది దుబాయి తప్పు కాదు, మన ఊళ్ల నుంచి మోసుకుపోయిందే.

ఆరాధన కాగానే వెనక వరుస నుంచి ఒక యువకుడు వచ్చి వందనాలు చెప్పాడు. అచ్చంపేట వైపు మా సంఘపు పల్లెలలో ఒకదానివాడు. నేనే బాప్తిస్మమిచ్చాను. "అయ్యగారూ, మా రూముకొచ్చి ప్రార్థన చేయాలె" అన్నాడు. మా సోదరుడు కొంచెం తటపటాయించి, తర్వాత కారు తీశాడు.

సోనాపూర్ అంటారు ఆ చోటును. బంగారు ఊరు అని అర్థం. ఆ పేరు ఎవరు పెట్టారో గాని మంచి వ్యంగ్యం తెలిసినవాళ్లయి ఉండాలి. వరుసగా లేబర్ క్యాంపులు, వరుసగా తెల్ల బస్సులు, మేడల కిటికీల నిండా ఆరేసిన బట్టలు. గదిలో ఎనిమిది మంది, ఒకదానిపైన ఒకటిగా మంచాలు. కరీంనగర్ నుంచి వచ్చిన పెద్దాయన తన మంచం ఖాళీ చేసి నన్ను కూర్చోబెట్టాడు. బీహారు కుర్రవాడు టీ తెచ్చాడు. మావాడు మంచాల మధ్య పేపరు పరిచి కోడికూర, అన్నం పెట్టాడు. ఇంటి నుంచి ఎవరో తెచ్చిన జొన్నపిండి కొంచెం దాచుకున్నాడట, నా కోసం రెండు రొట్టెలు కూడా చేశాడు.

"బుర్జు ఎక్కినావా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"రోజు బస్సులకెళ్లి కనపడ్తది అయ్యగారూ. ఎక్కలే. ఆ టికెటు పైసలుంటే సగం నెల మిత్తి కట్టొచ్చు."

మిత్తి ఏమిటని అడిగితే అప్పుడు చెప్పాడు. 2016లో వచ్చేటప్పుడు ఏజెంటుకు లక్షా ఇరవై వేలు కట్టాడు. నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే నెలకు 3,600. ఎలక్ట్రీషియను పని అని చెప్పి విజిట్ వీసా మీద పంపించారు. దిగిన తర్వాత ఆ పనీ లేదు, ఆ కంపెనీ లేదు. మూడు నెలలు ఎవరెవరి గదుల్లోనో తలదాచుకుని, చివరికి వేరే చోట షట్టరింగ్ పని దొరికించుకున్నాడు. జీతం 900 దిర్హాములు, అప్పటి లెక్కన సుమారు 17 వేల రూపాయలు. తిండి ఖర్చు పోను, ఫోను పోను, ఇంటికి పంపేది మిత్తికే చాలుతోంది. అసలు అలాగే ఉంది.

అతడు నన్ను నిందించలేదు. మామూలుగా చెప్పుకుపోయాడు. కానీ నాకు ముద్ద దిగలేదు. ఎందుకంటే 2016లో ఒక ఆదివారం ఆ పాస్‌పోర్టును ప్రసంగ వేదిక మీద పెట్టి, చేతులుంచి, దేవుడు ద్వారం తెరిచాడని సంఘమంతటితో ఆమేన్ అనిపించినవాణ్ణి నేను. ఏజెంటు ఎవరని అడగలేదు. లైసెన్సు ఉందా అని అడగలేదు. అది ఏ వీసా అని అడగలేదు. అడగడం విశ్వాసలోపం అనుకున్నానేమో. ఆ రోజు వాళ్లమ్మ 2,000 రూపాయలు కృతజ్ఞత కానుక ఇచ్చింది. అది కూడా ఆ అప్పులోదేనని ఆ గదిలో తెలిసింది. విశ్వాసంతో తెరిచిన ద్వారం అని నేను సాక్ష్యం చెప్పింది మూడు రూపాయల మిత్తికి తెరిచిన ద్వారం.

ప్రార్థన చేయమన్నారు. ఎనిమిది మందీ తలలు వంచారు, అందులో మావాడొక్కడే క్రైస్తవుడు. నాకు చాలాసేపు మాట రాలేదు. పరిశుద్ధాత్మ ప్రేరణ కోసం కనిపెడుతున్నాననుకున్నారు వాళ్లు.

బయలుదేరేటప్పుడు మావాడు నా ఫోనులో బుర్జు మీద తీసుకున్న ఫోటోలు చూశాడు. "ఇది మా అమ్మకు చూపించుండ్రి. రూము సంగతి మాత్రం చెప్పకండ్రి" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో విమానంలో అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం తెరిచాను. ఏథెన్సు చూసిన పౌలు తర్వాత ఎక్కడికి వెళ్లాడు? కొరింథుకు. ఎవరి దగ్గర దిగాడు? క్లౌదియ చక్రవర్తి రోమా నుంచి వెళ్లగొట్టిన అకుల, ప్రిస్కిల్ల దగ్గర. వలస వచ్చిన ఆలుమగలు, డేరాలు కుట్టుకుని బతికేవారు. పౌలు వారితో కూర్చుని తానూ డేరాలు కుట్టాడు. అరేయొపగు సభలో మాట్లాడిన పండితుడు ఆ వెంటనే సూది పట్టుకున్నాడు. మధ్యలో లూకా ఒక్క వాక్యం కూడా వృథా చేయలేదు.

ఊరికి వచ్చాక సంఘ పెద్దల సమావేశంలో ఆ 2,000 రూపాయలు తిరిగి ఇవ్వాలని చెప్పాను. "కానుక వాపసిచ్చే ఆచారం యాడుంది అయ్యగారూ? రేపు అందరూ అడుగుతరు" అన్నాడు ఒక పెద్ద. కోశాధికారికి ఏ పద్దు కింద రాయాలో తెలియలేదు. 2 కొరింథీయులు 8:12 తీసి చదివించాను. ఒకడు తనకు కలిగినదాన్ని బట్టి ఇస్తే అది దేవునికి అంగీకారం, లేనిదాన్ని బట్టి కాదు అని పౌలు అక్కడ రాశాడు. గంటసేపు వాదన జరిగింది. చివరికి ఒప్పుకున్నారు గాని ఇద్దరు మాత్రం ఆ పూట నాతో టీ తాగలేదు.

ఇప్పుడు మా సంఘంలో ఎవరైనా పాస్‌పోర్టు తెచ్చి ప్రార్థన అడిగితే ముందు నేను ప్రశ్నలు అడుగుతాను. పదో తరగతి పాసయ్యావా? కాకపోతే నీ పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి, విజిట్ వీసా మీద పనికి పోవద్దు. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందా? ఉంటే అతడు తీసుకోదగిన ఫీజు 30 వేలు, దానిపైన జీఎస్టీ మాత్రమే. ప్రవాసీ భారతీయ బీమా యోజన కట్టావా? రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు వస్తాయి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది, ఆ సంగతీ చెబుతాను. ఇదంతా అయ్యాకే చేతులుంచుతాను. "మన అయ్యగారు పాస్‌పోర్టు ఆఫీసరయిండు" అని వెనక నవ్వుకునేవాళ్లు ఉన్నారని తెలుసు. సాయంకాలం కాకముందే కూలివాని కూలి ఇచ్చేయమన్న ద్వితీయోపదేశకాండము (24:15) కూడా ఇలాంటి ఆఫీసు పుస్తకమే మరి.

ఆ డబ్బు పట్టుకుని ఆ తల్లి ఇంటికి వెళ్లాను. అరవై దాటిన మనిషి. చాప వేసింది. ఫోను తీసి బుర్జు ఫోటో చూపించాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "మీ వాడు ఇలాంటివే కడుతున్నాడమ్మా" అన్నాను. గది మాట ఎత్తలేదు. మాట ఇచ్చాను కదా. మాట నిలబెట్టుకోవడమో, దాచిపెట్టడమో నాకే తెలియక తల దించుకున్నాను.

"ఇండ్లనే ఉంటడని మీరు చెప్తరేమో అనుకున్న" అంది ఆమె. "నేను సిరిశైలం డ్యాం కాడ నాలుగేండ్లు రాళ్లు మోసిన అయ్యగారూ. కట్టినోళ్లు ఏడనన్న అండ్ల ఉంటరా? మేము గుడిసెలల్ల ఉన్నం. వాడు గుడ గట్లనే ఉంటడు. నాకు తెల్వదా?"

రెండు వేలు ఆమె చేతిలో పెట్టి ఎందుకిస్తున్నామో చెప్పాను. దేవునికిచ్చింది మళ్లీ తీసుకోవచ్చునా అని ఒకసారి అడిగింది. నేను జవాబు చెప్పేలోపే నోట్లు లెక్కపెట్టి కొంగున ముడివేసుకుంది.

"ఈ నెల మిత్తికి ఇంక పదహారు నూర్లు చూడాలె" అంది.